బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద ట్రేడింగ్ పద్ధతిని పరీక్షించడం) మొదలుపెట్టే ముందు: ఎంట్రీ టైమ్ దగ్గర జాగ్రత్తలు

• చార్ట్‌లో 9:15 అని చూపించే ఐదు నిమిషాల క్యాండిల్ (ఆ ఐదు నిమిషాల్లో ధర ఎలా కదిలిందో చూపే గీత) 9:20కి గానీ పూర్తవదు. దాని క్లోజ్ (చివరి ధర) చూసి కొంటే జర్నల్‌లో 9:20 రాయాలి, ధర తర్వాతి క్యాండిల్ ఓపెన్‌ది (మొదటి ధర) వేసుకోవాలి. 9:15 అని రాశారో, అప్పటికింకా ఎవరికీ తెలియని ధరకు కొన్నట్టే. కాగితం మీద కోటీశ్వరులయ్యేది ఎక్కువగా ఇక్కడే.

• కొన్ని ఫైళ్లలో క్యాండిల్ ముగిసిన టైమ్ ఉంటుంది. మొదటి వరుస 9:15తో మొదలైందా, 9:20తోనా చూసుకోండి.

• నిఫ్టీ డేటా 3:45కి మొదలైతే అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). మన టైమ్ రావాలంటే ఐదున్నర గంటలు కలపాలి.

• అమెరికా మార్కెట్ మన టైమ్‌లో వేసవిలో రాత్రి 7:00కి, చలికాలంలో 8:00కి తెరుస్తారు. న్యూయార్క్ టైమ్‌లోనే రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

• ఒకే క్యాండిల్‌లో స్టాప్‌లాస్ (నష్టానికి అమ్మేసే ధర), టార్గెట్ (లాభానికి అమ్మే ధర) రెండూ తగిలితే ఒక్కో నిమిషానికి ఒక క్యాండిల్ ఉండే చార్ట్ చూడండి. అక్కడా తేలకపోతే స్టాప్‌లాసే ముందు తగిలిందని రాయండి.