చెన్నై వానలకు ముందు ఆడియో స్టాండ్ చేస్తున్నారా? కోత పెట్టించేలోపు ఇవి చూసుకోండి

• పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) అస్సలు వద్దు. చౌకే, కానీ అక్టోబరు–డిసెంబరు తేమకు అంచులు పొంగి స్క్రూల పట్టు వదులుతుంది. అరతోపాటు ఆంప్లిఫయరూ నేలమీదే. 18 మి.మీ. ప్లైవుడ్ కొనండి; షీటు మీద ఐఎస్ 710 (తేమకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.

• కోసిన అంచులకు రెండు పూతలు వార్నిష్. చెక్క నీళ్లు తాగేది అక్కడే.

• లోతు కొలిచేటప్పుడు వెనక ప్లగ్గులు, వైర్ల వంపు కూడా కలపండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

• ఆంప్లిఫయర్ పైన 10 సెం.మీ. ఖాళీ, వెనక పలక లేకుండా. వేడి బయటికి పోవాలి.

• అంచులో 4 మి.మీ. స్క్రూకి ముందు 3 మి.మీ. రంధ్రం. లేదంటే పొరలు విచ్చుకుంటాయి.

• టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఉన్న స్టాండు మీద స్పీకర్లు పెట్టొద్దు. అదురు సూదికి చేరి హోరెత్తుతుంది.