పాత ఆర్మీ జిప్సీతో క్యాంపింగ్: సమస్య – కారణం – పరిష్కారం

వేలంలో కొన్న ఆర్మీ జిప్సీకి కాన్వాస్ తీసేసి, వెనక ఫ్రేము బిగించి, పైన టెంటు ఎక్కించి కళింగపట్నం ఇసకలోకో, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటుకో తీసుకెళ్దామనుకునేవాళ్ల కోసం ఇది. 1298 సీసీ పెట్రోల్ ఇంజను, ముందూ వెనకా కమాను పట్టీలు. మొండి బండే. దాని జబ్బుల్లో చాలా మటుకు మనం ఎక్కించిన బరువు, పెంచిన ఎత్తు, లాగిన వైర్లు తెచ్చిపెట్టినవే. కాబట్టి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ మాట ఆఖర్న చూసుకోండి. బాడీ కోసే పని మాత్రం పెట్టుకోవద్దు. ఫ్రేము బోల్టుల మీదే నిలబడాలి, లేకపోతే ఆర్‌సీ దగ్గర చిక్కు.

వెనక కుంగింది, హెడ్‌లైట్లు కొమ్మల్ని చూస్తున్నాయి

ఈ బండి మోసేది మనుషులతో కలిపి 500 కిలోలు. నలుగురు ఎక్కితే 280 పోయాయి, మిగిలింది 220. ఇప్పుడు లెక్క వేయండి: టెంటు 55, నీళ్లు 40, పెట్రోల్ క్యాను 15, రెండో బ్యాటరీ 28, సామానుతో ఫ్రిజ్ 30, ప్లైవుడ్ డ్రాయర్లు 45, జాకీ, పార, పనిముట్లు 30. మొత్తం 243. ఇంకా బియ్యం మూట ఎక్కనే లేదు.

సామానంతా ఎక్కించి ఒకసారి కాటా వేయించండి. డ్రాయర్లకి 18 ఎంఎం ప్లైవుడ్ బదులు 12 ఎంఎం చాలు. నీళ్ల ట్యాంకు ముందు సీట్ల వెనకే ఉండాలి, వెనక డోరు దగ్గర కాదు. ఖాళీ బండి కూడా కుంగి కనిపిస్తే అప్పుడు పట్టీలు అలిసిపోయాయని అర్థం: కమాను పనివాళ్ల దగ్గర వంపు ఎక్కించి, సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవి వేయించండి. 100 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

55–60 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్ చేతిలో నిలవకుండా వణుకుతోంది

గుంతలో పడగానే మొదలై, బండి బాగా నెమ్మదిస్తేగాని ఆగదు. స్టీరింగ్ డ్యాంపర్ (ఊపుని అణిచే షాక్) మార్చమని అందరూ చెప్తారు. కొత్త డ్యాంపర్ వణుకుని కొన్నాళ్లు దాస్తుంది, అంతే.

ముందు యాక్సిల్‌ని జాకీ మీద లేపి స్టాండు పెట్టండి. టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే, ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఆట పోయిందా, అది వీల్ బేరింగ్. పోలేదా, కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను) బేరింగ్. తర్వాత టైరుని రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల (స్టీరింగ్ కడ్డీ చివరి కీళ్ల) సంగతి తెలుస్తుంది.

కింగ్‌పిన్ వదులైతే దాని కింద ఉన్న షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) ఒక్కొక్కటే తీస్తూ బిగువు చూడాలి. టై రాడ్ ఊడదీసి చూస్తే నకిల్ (చక్రాన్ని మోస్తూ తిరిగే భాగం) చేత్తో కాస్త బరువుగా, ఎక్కడా పట్టెయ్యకుండా తిరగాలి. బేరింగ్ దొర్లే దారిలో గాడులు పడి ఉంటే షిమ్ములతో లాభం లేదు, బేరింగే మార్చాలి.

ఇవన్నీ బాగుండి, ఎత్తు పెంచిన తర్వాతే వణుకు మొదలైతే క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గిపోయినట్టు. కింగ్‌పిన్ పైభాగం వెనక్కి వాలేలా, యాక్సిల్‌కీ పట్టీలకీ మధ్య 2 డిగ్రీల ఏటవాలు ముక్క పెట్టించండి. అంతకు మించితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడి ఇంకో వణుకు మొదలవుతుంది.

తెల్లారేసరికి బ్యాటరీ డౌన్

45 వాట్ల ఫ్రిజ్ రోజులో సగంసేపు తిరిగితే దాదాపు 45 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో ధైర్యంగా వాడుకోగలిగేది సగమే. అంటే ఛార్జి చేయకపోతే ఒక్క రోజు. స్టార్టింగ్ బ్యాటరీ నుంచి ఫ్రిజ్ నడపొద్దు. రెండోది వేసి, మధ్యలో వోల్టేజీ చూసి కలిపే ఐసోలేటర్ పెట్టండి. వైరు 16 స్క్వేర్ ఎంఎం, రెండు బ్యాటరీల దగ్గరా జానెడు దూరంలోనే ఫ్యూజు. ఒకవైపే ఫ్యూజు పెడితే, మధ్యలో వైరు ఒరుసుకున్న రోజు ఫ్యూజు లేని వైపు బ్యాటరీ మంట పెడుతుంది.

ఫ్రిజ్ ఆపినా దిగిపోతుంటే పాత ఆర్మీ వైరింగ్‌ని అనుమానించండి. కాన్వాయ్ లైటుకీ, రేడియోకీ వెళ్లిన తీగల్ని కోసి, టేపు చుట్టి వదిలేస్తారు. బ్యాటరీ నెగటివ్‌లో మల్టీమీటరు వరసగా కలిపి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. 50 మిల్లీ ఆంపియర్ల పైన ఉన్నది ఏ ఫ్యూజు తీస్తే పడిపోతుందో దొంగ అక్కడే.

ఇసకలో కూరుకుపోతోంది

భావనపాడులో అయినా, చింతపల్లి బీచిలో అయినా కారణం ఒక్కటే: టైర్లలో రోడ్డు గాలి. 28 పీఎస్‌ఐ ఉన్నదాన్ని ట్యూబ్‌లెస్ అయితే 15కి దించండి. ట్యూబు టైరుకి 18 లోపు దించితే ట్యూబు జారి వాల్వు చిరిగిపోతుంది. తారు ఎక్కేముందు మళ్లీ 28. కంప్రెసర్ లేకుండా గాలి తీయొద్దు.

కూరుకున్నాక రేస్ ఇస్తే పొట్ట ఆనేదాకా దిగుతుంది. ఆపేసి, టైర్ల ముందు ఇసక వాలుగా తవ్వి, కొబ్బరి కమ్మలు ఈనె కిందికి వచ్చేలా టైరుకి అడ్డంగా పరవండి. ఉద్దానంలో వాటికి కొదవ లేదు. ఫోర్ వీల్ లో రేంజిలో, రెండో గేరులో, మెల్లగా రండి. తాడు ఛాసిస్ హుక్కుకే కట్టాలి, బంపరుకి కడితే ఊడి వచ్చి మనిషిని కొడుతుంది. ఇంటికొచ్చాక పట్టీల షాకిళ్లూ ఛాసిస్ పెట్టెల లోపలా మంచినీళ్లతో కడగండి. ఉప్పు పైకి కనిపించదు, లోపల తినేస్తుంది.

ఘాటు మీద ఇంజను ఆగి, అరగంట తర్వాత మళ్లీ నడుస్తోంది

ఆగగానే పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. 'ఉష్'మని గాలి లోపలికి లాగి, ఆ వెంటనే ఇంజను నడిస్తే బ్రీదర్ (ట్యాంకులోకి గాలి వచ్చే దారి) మూసుకుపోయింది. ఏ చప్పుడూ లేకపోతే ఫిల్టరు విప్పి తెల్లగుడ్డ మీద కొట్టి చూడండి. ఎర్రపొడి రాలితే ట్యాంకులో తుప్పు. ఎన్ని ఫిల్టర్లు మార్చినా వారమే, ట్యాంకు దించి శుభ్రం చేయించాల్సిందే. పాత రబ్బరు పైపులు కూడా అప్పుడే మార్చండి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకి అవి ఉబ్బి పగులుతాయి.

ఫోర్ వీల్ లివర్ ఇరుక్కుంది

ఎండు తారు మీద ఫోర్ వీల్‌లో తిప్పారు. రెండు మీటర్లు వెనక్కి తీసి లివర్ లాగండి, వదులుతుంది.

వాగు దాటాక డిఫ్ (యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్) ఆయిల్ మజ్జిగలా ఉంది

వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది. డిఫ్ బ్రీదర్‌కి పైపు తొడిగి, ముందుది బానెట్ కిందికీ వెనకది బెడ్ ఎత్తుకీ ఎక్కించండి, చివర చిన్న ఫిల్టరుతో. పాడైన ఆయిల్ వెంటనే దించి, పలుచటి ఆయిల్ కాస్త పోసి తిప్పి అదీ దించి, అప్పుడు కొత్తది నింపాలి. నాలుగు కిలోమీటర్లు తోలి డ్రెయిన్ నట్టు దగ్గర ఒక చుక్క చూడండి. ఇంకా తెల్లగా ఉంటే మరోసారి.