కేదార్‌నాథ్ నడక: గుర్రం గంట వినబడితే కొండ వైపుకి జరగండి

"అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాళ్లం, కేదార్‌నాథ్ ఓ లెక్కా" అనుకుని బయల్దేరేవాళ్లు మనలో చాలామందే. చలి గురించి, ఊపిరాడకపోవడం గురించి పదిమందిని అడుగుతారు. గుర్రాల గురించి మాత్రం ఎవరూ అడగరు. అలిపిరి దారిలో గుర్రాలు ఉండవు కదా. మనం గుర్రాన్ని దగ్గరగా చూసేది పెళ్లి ఊరేగింపులోనో, బీచ్‌లోనో. నడక మొదలయ్యే గౌరీకుండ్ నుంచి గుడి దాకా సుమారు 16 కిలోమీటర్లు. అక్షయ తృతీయ అటూ ఇటూగా గుడి తెరిచిన దగ్గర్నుంచి భగినీ హస్త భోజనం నాడు మూసేదాకా, ఆ దారిలో గుర్రాలతో, కంచరగాడిదలతో కలిసే నడవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. వెనక నుంచి గంటల చప్పుడో, "సైడ్, సైడ్" అన్న కేకో వినబడగానే కొండ వైపుకి జరిగి, గోడకి ఆనుకుని నిలబడాలి. లోయ వైపుకి వెళ్లకూడదు. వినడానికి ఇంత తేలికే కానీ, ఆ క్షణంలో కాలు మాత్రం లోయ వైపుకే పోతుంది. అటు ఖాళీగా ఉంటుంది, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటుంది, చల్లగాలి కొడుతుంది. మా పిన్ని అలాగే రెయిలింగ్‌కి ఆనుకుని దారిచ్చింది. రెండు పక్కలా గ్యాస్ సిలిండర్లు కట్టిన కంచరగాడిద ఒకటి ఆవిడ ముందునుంచే వెళ్లింది. జంతువు తగల్లేదు. సిలిండర్ అంచు మాత్రం భుజానికున్న బ్యాగు పట్టీని పట్టుకుని రెండడుగులు లాక్కుపోయింది. గుర్రపతను వెనక్కి చూసేలోపు పట్టీ తెగింది, బతికిపోయాం. బరువు మోసే జంతువుకి తన పక్కన వేలాడే సామాను ఎంత వెడల్పుందో లెక్క ఉండదు. కొండ వైపు అయితే అది తోసినా మనం గోడకే తగులుతాం.

కుడి, ఎడమ అని గుర్తుపెట్టుకోకండి. 2013 జూన్ వరదలో దారి మధ్యలో ఉండే రామ్‌బాడా అనే మజిలీ కొట్టుకుపోయాక, దారి అక్కడ వంతెన దాటి మందాకిని నదికి అవతలి గట్టు పట్టింది. అంటే వంతెన దాటగానే కొండ ఉండే చెయ్యి మారిపోతుంది. దిగేటప్పుడు మళ్లీ అంతా తారుమారు. పిల్లలకి కూడా "కొండ వైపు" అనే చెప్పండి. వాళ్లని గోడ పక్కన పెట్టుకుని, లోయకీ వాళ్లకీ మధ్య పెద్దవాళ్లు నడవాలి.

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనబడుతుంది. కనబడనిది సరిగ్గా తోక వెనకా, ముక్కుకి ఎదురుగా కొద్ది మేరా. తోక వెనక చప్పుడు చెయ్యకుండా దగ్గరికి వెళ్తే, వచ్చింది భక్తుడో పులో దానికి తెలీదు. ముందు తన్ని తర్వాత చూస్తుంది. కాబట్టి వెనక ఒక గుర్రం పొడవైనా ఖాళీ వదలండి. దాటి వెళ్లాల్సి వస్తే దారి వెడల్పుగా ఉన్నచోటే, "భయ్యా, జరా సైడ్" అని గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి. మనిషి గొంతు వింటే అదీ కంగారు పడదు. చెవులు మెడకి అంటుకునేలా వెనక్కి వాలాయంటే దానికి కోపంగా ఉందని అర్థం. అప్పుడు ఎంత తొందరున్నా ఆగాల్సిందే. కంచరగాడిద పక్కకి కూడా తన్నగలదు, కాబట్టి దాని పక్కన నిలబడి సెల్ఫీలు వద్దు.

వానొస్తే అసలు టెన్షన్ మొదలవుతుంది. అందరూ పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు తొడుక్కుంటారు. గాలికి అవి టపటపలాడుతుంటే గుర్రాలు బెదురుతాయి. బటన్లు పూర్తిగా పెట్టుకోండి, అంచుల్ని నడుం దగ్గర కట్టేసుకోండి. గుర్రం ఎదురుగా వస్తుంటే గొడుగు ఠపీమని తెరవకండి. చేతికర్రని నిలువుగా పట్టుకోండి, దాంతో గుర్రాన్ని అదిలించకండి. ఇయర్‌ఫోన్స్ గదిలోనే వదిలేసి రండి. శివనామం మనసులో అనుకున్నా వినబడుతుంది, గంటలు అలా వినబడవు.

దిగే గుర్రాలతో ఇంకాస్త జాగ్రత్త. తడి రాళ్ల మీద, పేడ మీద వాటి కాళ్లూ జారతాయి, మన కాళ్లూ జారతాయి. అది జారిందంటే గుర్రపతను కూడా ఆపలేడు. మలుపుల్లో నిలబడి ఫోటోలు తీసుకోకండి. మలుపు దాటాక ఆగితే పైనుంచి వచ్చేది మీకు కనబడుతుంది, దానికి మీరు కనబడతారు.

నడవలేక గుర్రం ఎక్కాల్సి వస్తే, ప్రీపెయిడ్ కౌంటర్‌లో చీటీ తీసుకుని ఎక్కండి. రికాబులో, అంటే జీనుకి వేలాడే కాలి కడియంలో, పాదం ముందు భాగమే పెట్టాలి. మడమ దాకా దూర్చితే పడినప్పుడు కాలు ఇరుక్కుపోతుంది. ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి వాలండి. మోకాళ్లు గోడకి రాసుకోకుండా చూసుకోండి. కుంటుతున్న గుర్రాన్నీ, వీపు మీద పుండున్న గుర్రాన్నీ వద్దనండి. బేరం కుదిరింది కదా అని మొహమాటపడితే దానికీ కష్టం, మీకూ ప్రమాదం. నీళ్ల తొట్ల దగ్గర అవి తాగేదాకా కాస్త దూరంగా నిలబడండి. బిస్కెట్లు పెడతామంటూ చేతులు చాపకండి, పళ్లు తగిలితే తెలుస్తుంది.

బయల్దేరే ముందే టీటీ ఇంజెక్షన్ సంగతి మీ డాక్టర్‌ని అడగండి. గుర్రపు పేడలో ధనుర్వాతం సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ దారిలో పడి మోకాలు గీరుకుపోతే సబ్బు నీళ్లతో బాగా కడిగి, దారిలో ఉండే వైద్య శిబిరంలో చూపించుకోవాలి. పొట్ట మీదో, ఛాతీ మీదో గుర్రం తన్నితే పైకి దెబ్బ కనబడకపోయినా సరే, "దర్శనం అయ్యాక చూద్దాం" అనకండి. లోపల రక్తం కారుతుంటే కాసేపటిదాకా తెలియకపోవచ్చు. అక్కడే కూర్చుని, శిబిరం వాళ్లని పిలిపించండి.