విదేశాల నుంచి వచ్చి వీధి పిల్లలతో వాలంటీరుగా పనిచేయాలంటే ఎలా?

ఏటా ఇదే వరస. అక్కడ స్కూళ్ళకు సెలవులివ్వగానే డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మా అమ్మాయికి కాలేజీ అప్లికేషన్‌లో పెట్టుకోవడానికి సర్వీస్ అవర్స్ కావాలండీ. పదిహేను రోజులు విజయవాడలోనే ఉంటుంది. మీ స్టేషన్ పిల్లలకి ఇంగ్లీష్ చెప్తుంది." అమ్మాయి మంచిదే. సూట్‌కేసు నిండా చాక్లెట్లు, రంగు పెన్సిళ్ళు తెస్తుంది. రెండు వారాల్లో అందరికీ ప్రాణమైపోతుంది. ఏడుస్తూ విమానం ఎక్కుతుంది. ఆ తర్వాత అన్నం మానేసి మూల కూర్చున్న పిల్లల్ని బుజ్జగించే పని వార్డెన్ మీద పడుతుంది.

ఇలా వచ్చేవాళ్ళ కోసం, ఉద్యోగం మీద ఇండియాకు వచ్చి ఏడాదీ రెండేళ్ళూ ఉండే విదేశీయుల కోసం, వాళ్ళను వెంటబెట్టుకొచ్చే మన తెలుగు స్నేహితుల కోసం ఇది రాస్తున్నాను. నేను చెప్పేది విజయవాడ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల చూసినదే అయినా, సికింద్రాబాద్‌లోనో హౌరాలోనో పద్ధతి వేరేగా ఉండదు.

ముందు మీ చేతిలో ఎన్ని రోజులున్నాయో చూసుకోండి

నెల కంటే తక్కువైతే పిల్లల దగ్గరికి వెళ్ళొద్దు. చేయడానికి వేరే పని బోలెడుంది. పిల్లల్ని ఉంచే ఏ సెంటర్లో చూసినా పిల్లల వైద్యం కాగితాలు కుప్పగా పడి ఉంటాయి, రెండు కంప్యూటర్లు మూలన పడి ఉంటాయి, స్టోర్‌రూమ్‌లో ఏముందో ఎవరికీ తెలియదు. వాటి పని పట్టండి. ఒకటి రెండు రోజులే ఉంటే, ఢిల్లీలో సలామ్ బాలక్ ట్రస్ట్ వాళ్ళ నడక ఉంది. వీధి పిల్లల కోసం 1988లో మొదలైన సంస్థ అది. ఒకప్పుడు వీధిలో బతికిన కుర్రాళ్ళే పహాడ్‌గంజ్ గల్లీలు తిప్పి చూపిస్తారు. టికెట్ కొనుక్కుని వాళ్ళు చెప్పేది వినండి. ఇంగ్లీష్ క్లాసు తీసుకోవడం కంటే అది మేలు.

మూడు నెలలు ఉంటే, వారానికి రెండు రోజులు, అవే రోజులు, అదే టైమ్. నా లెక్క ప్రకారం బుధవారం, శనివారం సాయంత్రం నాలుగింటికి. ఆదివారం అసలు వద్దు. పుట్టినరోజు అన్నదానాల వాళ్ళంతా ఆ రోజే దిగుతారు. పిల్లలకు తిన్నది అరగదు, మీరెవరో గుర్తూ ఉండదు.

వీసా సంగతి

దీన్ని చాలామంది పట్టించుకోరు. టూరిస్ట్ వీసా మీద వచ్చిన విదేశీయులు డబ్బులు గానీ, బదులుగా మరేదీ గానీ తీసుకోకుండా గరిష్ఠంగా ఒక నెల వరకే స్వచ్ఛంద సేవ చేయవచ్చు. అంతకు మించి రిజిస్టర్డ్ ఎన్జీవోలో పనిచేయాలంటే ఎంప్లాయ్‌మెంట్ వీసా కింద రావాలి, జీతం లేని పనైనా సరే. ఓసీఐ కార్డు (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నవాళ్ళు మాకేంటి అనుకుంటారు. పిల్లల మీద థీసిస్ కోసం సమాచారం సేకరించినా, మతప్రచారం చేసినా ఓసీఐ వాళ్ళు కూడా ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సిందే. 2021 నుంచి ఇది రాతపూర్వకంగా ఉంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే ఈ గొడవ లేదు.

సంస్థను ఎలా ఎంచుకోవాలి

విజయవాడలో నవజీవన్ బాలభవన్ 1989 నుంచి ఈ పని చేస్తోంది. మీ ఊళ్ళోనూ ఇలాంటి పాత సంస్థ ఏదో ఒకటి ఉంటుంది. పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థయినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

నేను చూసే గుర్తు ఇంకొకటి. మీరు ఉండే దేశం నుంచి పోలీస్ క్లియరెన్స్ తెమ్మని, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు ఇమ్మని వాళ్ళు అడగాలి. అడగకుండా "రండి రండి, పిల్లలు మీకోసమే ఎదురుచూస్తున్నారు" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మిమ్మల్ని అంత తేలిగ్గా రానిచ్చినవాళ్ళు ఎవరినైనా రానిస్తారు. వాలంటీరు దగ్గరే వారానికింత అని ఫీజు వసూలు చేసి, పిల్లలతో దండ వేయించి ఫొటో తీయించే చోట్లు కూడా ఉన్నాయి. వాటి గురించి రాస్తే ఈ వ్యాసం చాలదు.

సామాన్లు

ఒక కేరమ్ బోర్డు, రెండు స్ట్రైకర్లు, బోరిక్ పౌడరు, అరటిపళ్ళు. జేబులున్న నూలు బట్టలు వేసుకోండి. ఫోన్ ఆఫీసులో పెట్టి లోపలికి వెళ్ళండి. చాక్లెట్లు వద్దు, బొమ్మలు వద్దు, ముఖ్యంగా ఒకరికే ఇచ్చే వస్తువేదీ వద్దు.

ఫోన్ ఎందుకు బయట పెట్టమంటున్నానో కూడా చెప్పాలి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే ఆ జువెనైల్ జస్టిస్ చట్టం కిందే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో మొహం మీద ఓ నవ్వు బొమ్మ అతికించినంత మాత్రాన వాడెవరో తెలియకుండా పోదు. వెనకాల గోడ మీద సెంటర్ పేరు కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి నెల: అడగకండి, ఆడండి

స్టేషన్ పిల్లలంతా అనాథలనుకుని వస్తారు. చాలామందికి అమ్మా నాన్నా ఉంటారు. కొందరు ఇంట్లో దెబ్బలు పడలేక రైలెక్కినవాళ్ళు. కొందరు ఫుట్‌పాత్ మీదే కుటుంబంతో ఉండేవాళ్ళు. కొందరు పగలంతా ఖాళీ నీళ్ళ సీసాలు ఏరి రాత్రికి ఇంటికెళ్ళేవాళ్ళు. విజయవాడలో చెన్నై, ఢిల్లీ, హౌరా దారులు కలుస్తాయి కాబట్టి ఒడిశా, బీహార్ పిల్లలు కూడా ఇక్కడ దిగుతారు. తెలుగుతో పాటు నాలుగు ముక్కలు హిందీ వస్తే మంచిది.

"ఏ ఊరు? ఎందుకొచ్చేశావు? మీ అమ్మావాళ్ళు ఎక్కడ?" ఈ మూడు ప్రశ్నలూ అడగొద్దు. ఇవి పోలీసులు అడిగేవి, టీసీలు అడిగేవి, అన్నం పొట్లం ఇచ్చే ప్రతివాళ్ళూ అడిగేవి. వీటికి పిల్లల దగ్గర సమాధానం రెడీగా ఉంటుంది. అమ్మానాన్నలు వరదలో పోయారంటారు, యాక్సిడెంట్‌లో పోయారంటారు. అడిగే మనిషిని బట్టి కథ మారుతుంది. అది అబద్ధాలాడే గుణం కాదు, బతుకుతెరువు. కథ విన్నవాళ్ళు పది రూపాయలు ఎక్కువ ఇస్తారని వాళ్ళకు తెలుసు.

అందుకే కేరమ్స్. ఫుట్‌బాల్ అని కొందరు, డ్రాయింగ్ అని కొందరు వాదిస్తారు. ఫుట్‌బాల్లో బలమున్నవాడిదే రాజ్యం, చిన్నవాళ్ళు గోడవారన నిలబడిపోతారు. డ్రాయింగ్ అనగానే వాలంటీర్లు "మీ ఇల్లు గీయి" అంటారు, అంతకంటే పాడు ప్రశ్న లేదు. కేరమ్స్‌లో నలుగురు కింద కూర్చుంటారు, అందరి కళ్ళూ బోర్డు మీదే ఉంటాయి, ఎవరూ ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు. మాట రావాలనుకుంటే అదే వస్తుంది. పాయింట్లు రాసుకుంటుంటే లెక్కలూ వస్తాయి. ఓడిపోయినప్పుడు నిజంగానే ఓడిపోండి, కావాలని ఓడితే పట్టేస్తారు. చెస్ మాత్రం తేవద్దు, ఇద్దరాడుతుంటే పదిమంది పోట్లాడుకుంటారు.

మిమ్మల్ని అన్నా అనో అక్కా అనో పిలవనివ్వండి. సార్, మేడమ్ అనిపించుకోకండి. మత్తు కోసం సొల్యూషన్ (పంక్చర్ జిగురు లాంటిది) పీల్చి వచ్చినవాడితో ఆ రోజు నీతులు మాట్లాడకండి. సెంటర్ వాళ్ళకు చెప్పి వదిలేయండి.

అసలు కష్టమైన చోటు: పిల్లవాడు నోరు విప్పినప్పుడు

ఇక్కడ నిదానంగా చదవండి. పైవన్నీ తప్పుగా చేసినా పిల్లలు తట్టుకుంటారు. ఇది తప్పితే ఏళ్ళ తరబడి కోర్టు దాకా ఆ తప్పు వెంటాడుతుంది.

ఒక రోజు ఆట మధ్యలోనో, మీరు చెప్పులు వేసుకుని బయల్దేరబోతుంటేనో ఒకడు దగ్గరికొస్తాడు. "అన్నా, ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తా" అంటాడు. నూటికి తొంభై మంది వాలంటీర్లు ఇక్కడే ఒట్టేస్తారు. వెయ్యకండి. అతను చెప్పబోయేది తనను ఎవరో లైంగికంగా వేధించిన విషయం కావచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ళలోపు వాళ్ళ మీద అలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. వాలంటీరుకు, విదేశీయుడికి మినహాయింపేమీ లేదు. అంతకంటే పెద్ద నష్టం, మీరు ఒట్టేసి మర్నాడు మాట తప్పితే వాడు ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పడు.

మరేమనాలి? "నీకు దెబ్బ తగిలే విషయమైతే మన సెంటర్ ఇన్‌ఛార్జి అక్కకు చెప్పాల్సి వస్తుంది రా. ఆమెకు, అవసరమైతే పోలీసులకు తప్ప ఊళ్ళో ఇంకెవరికీ చెప్పను. ఇప్పుడు చెప్తావా, తర్వాత చెప్తావా, నీ ఇష్టం." ఈ మాటలు ముందే బట్టీ పట్టండి, తెలుగులోనూ హిందీలోనూ. ఆ నిమిషంలో కొత్తగా మాటలు వెతుక్కోవడం మీ వల్ల కాదు. కొందరు వెనక్కి వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి, సెంటర్ ఇన్‌ఛార్జికి మాత్రం "ఫలానావాడు ఏదో చెప్పబోయాడు" అని ఆ సాయంత్రమే చెప్పండి. వాడు మళ్ళీ వస్తాడు. బుధవారం, శనివారం అని అంత పట్టుబట్టింది ఇందుకే.

చెప్పడం మొదలుపెడితే, వినండి. నలుగురికీ కనిపించే చోటే, కాస్త పక్కకు జరిగి కూర్చోండి. తలుపు వేసుకోవద్దు. వాడి చెయ్యి మీరు పట్టుకోవద్దు, వాడు మీ చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవద్దు. "అయ్యో", "ఛీ, వాడు మనిషేనా" లాంటివి వద్దు. చేసినవాడు బాబాయో, ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన ప్లాట్‌ఫాం పెద్దన్నో అయి ఉంటాడు. మీరు తిడితే పిల్లవాడు ఆ మనిషి పక్షాన మాట్లాడి, చెప్పిందంతా వెనక్కి తీసుకుంటాడు.

ప్రశ్నలు వేయకండి. "తర్వాత?" అనడం చాలు. "అతను నిన్ను ఇక్కడ ముట్టుకున్నాడా?" అని మీరు అందించారంటే, ఆ మాట మీదే అవుతుంది, వాడిది కాదు. రేపు కోర్టులో డిఫెన్సు లాయరు మొట్టమొదట పట్టుకునేది దాన్నే. సైకాలజీ చదివి వచ్చిన వాలంటీర్లకు ఇది మరీ కష్టం, కౌన్సెలింగ్ మొదలెట్టేస్తారు. వాంగ్మూలం తీసుకోవడానికి చట్టంలో వేరే ఏర్పాటు ఉంది. పిల్లల ఇంటి దగ్గరో, వాళ్ళు కోరిన చోటో, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా పోలీసు అధికారి యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. పిల్లవాడు నమ్మినవాళ్ళు పక్కన ఉండవచ్చు. మీరు అంతకుముందే మూడుసార్లు చెప్పించి ఉంటే, ఆ వాంగ్మూలం నాలుగో కథ అవుతుంది.

వాడు ముగించాక "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి. "అంతా సర్దుకుంటుంది" అనకండి, సర్దుకుంటుందో లేదో మీకు తెలియదు. "నిన్ను నాతో తీసుకెళ్తా" అన్నవాళ్ళను కూడా చూశాను. ఆ మాట పట్టుకుని గేటు దగ్గర బ్యాగు సర్దుకుని కూర్చున్న పిల్లాడిని మాత్రం ఆ అన్నవాళ్ళు చూడలేదు.

ఆ తర్వాత ఆఫీసులోకి వెళ్ళి కాగితం మీద రాయండి. వాడన్నది వాడి మాటల్లోనే, బూతులుంటే బూతులతోనే. ఇంగ్లీష్‌లోకి మార్చొద్దు, సర్దొద్దు. తేదీ, టైమ్, సంతకం. ఇన్‌ఛార్జి చేతికి ఇచ్చి, పోలీసులకు ఎవరు ఎప్పుడు చెబుతున్నారో అడిగి తెలుసుకుని మరీ కదలండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఇంటికెళ్ళి భార్యకో భర్తకో కూడా చెప్పకండి. ఇన్‌ఛార్జి "పోలీసులెందుకులెండి, పరువు సమస్య" అంటే, లేదా అనుమానం సెంటర్లోని మనిషి మీదే అయితే, మీరే పోలీసులకు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయండి, రోజంతా పనిచేస్తుంది, ఉచితం. జిల్లా బాలల సంక్షేమ కమిటీ కూడా ఉంది, ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. సంరక్షణ కావలసిన పిల్లవాడు ఎవరి చేతికి చిక్కినా, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఆ కమిటీ ముందుకు తేవాలి. నేరుగా పిల్లవాడే వెళ్ళి నిలబడవచ్చు కూడా.

తర్వాతి బుధవారం మామూలుగా వెళ్ళండి. ఆ విషయం ఎత్తకండి. పౌడరు చల్లి ఆట వేయండి.

వెళ్ళే ముందు, వెళ్ళాక

వెళ్ళే తేదీ మొదటి రోజే చెప్పండి, గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. చివరి రోజు పార్టీ వద్దు. ఫోన్ నంబరు పిల్లలకు ఇవ్వొద్దు, ఉత్తరాలు సెంటర్ చిరునామాకు రాయండి, అవి వార్డెన్ చదివాకే పిల్లలకు అందుతాయి. అలా చదవడం నాకు నచ్చిన పద్ధతి.

డబ్బు పంపాలనుకుంటే సంస్థను ముందే అడిగి పంపండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీయులే. వాళ్ళ డబ్బు సంస్థకు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. తెలియక మామూలు ఖాతాలో వేశారంటే ఆడిటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సింది సంస్థవాళ్ళే.