తాతగారి ట్రయల్ నాణేలను విదేశాలకు తీసుకెళ్లాలా? సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఇలా

మొన్న ఒక ఆఫీసు వరండాలో ఒక పెద్దావిడ కుంకుమ భరిణె మూత తీసి, దూదిలో చుట్టిన వెండి నాణెం చూపించారు. విదేశంలో ఉన్న మనవడికి పంపాలని ఆశ. 'ఎక్స్‌పోర్ట్ ఎన్‌ఓసీ' (ఎగుమతికి అభ్యంతరం లేదనే పత్రం) ఇప్పిస్తానని ఎవరో ఏజెంటు ఆవిడ దగ్గర ఎనిమిది వేలు తీసుకున్నాడట. పాత నాణేనికి డబ్బు కడితే వచ్చే అలాంటి ఎన్‌ఓసీ ఏదీ లేదు. దయచేసి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా కూడా. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చేది 'ఇది పురావస్తువు కాదు' అనే సర్టిఫికెట్ మాత్రమే. ఎగుమతికి అనుమతి, పురావస్తువు కాదన్న ధ్రువీకరణ వేర్వేరు.

దరఖాస్తు తేలికే. మీ ప్రాంతానికి చెందిన ఆ సంస్థ సర్కిల్ కార్యాలయానికి అర్జీ, గుర్తింపు కార్డు కాపీ, నాణెం ఫొటోలు ఇవ్వాలి. నాణేన్ని స్వయంగా చూపించాలి. ఫొటోలు ఎన్ని కావాలో, ఏ రోజు పరిశీలిస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చాలామంది ఆగిపోయేది నాణెం ఎప్పుడు తయారైందో చూపించే దగ్గర. మామూలు రూపాయికైతే మీద ఉన్న సంవత్సరం దాదాపు సరిపోతుంది. ట్రయల్ నాణేలు అలా కాదు. కొత్త బొమ్మనో, కొత్త లోహాన్నో పరీక్షించడానికి టంకశాలలో కొన్నే కొట్టినవి ఇవి. కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులతోనే, సేకరించేవాళ్ల కోసం, తర్వాతి కాలంలో కూడా నాణేలు కొట్టాయి. వీటిని రీస్ట్రైక్ అంటారు. మీద విక్టోరియా కాలపు సంవత్సరం ఉన్నా, నాణెం ఎన్నో ఏళ్ల తర్వాత పుట్టి ఉండొచ్చు. మామూలు రూపాయల్లో కూడా 1862 అని ఉన్నవి 1874 వరకు కొట్టారు.

కాబట్టి మీ దగ్గరున్నది రీస్ట్రైక్ అని, దానికి వందేళ్లు నిండలేదని మీరు నమ్మితే, ఆధారం జతచేయండి. కొన్నప్పటి బిల్లు, వేలం కేటలాగు పేజీ, తాతగారి నోట్‌బుక్‌లోని వివరం ఏదైనా పనికొస్తుంది. బొమ్మ, బొరుసుతో పాటు అంచు ఫొటో తప్పకుండా తీయండి. ఆధారం లేకుండా 'రీస్ట్రైక్ అని రాసేయండి' అనే సలహా మాత్రం వినకండి. అబద్ధం తేలితే ఇబ్బంది మీకే, సలహా ఇచ్చినవాడికి కాదు.

ఇంకో మాట. ఆ పెద్దావిడ నాణేన్ని ముందురోజు చింతపండుతో తోమి మెరిపించారు. కొత్తదిగా కనిపిస్తే మంచిదనుకున్నారు పాపం. అసలుదో, తర్వాత కొట్టిందో చెప్పే ఆనవాళ్లు కొన్ని ఆ పైపొరలోనే ఉంటాయి. తోమకండి, మెత్తటి గుడ్డతో కూడా రుద్దకండి.

ఏ నాణేలకు టెన్షన్ అక్కర్లేదు? ఆరో జార్జి రాజైంది 1936 డిసెంబరులో. ఆయన పేరున్న ట్రయల్ నాణెం నిజమైనదైతే వందేళ్లు నిండే ప్రశ్నే ప్రస్తుతానికి లేదు. అయినా సర్టిఫికెట్ తీసుకుంటే విమానాశ్రయంలో వాదన ఉండదు. ఐదో జార్జి కాలానివైతే ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూడాలి, ఎందుకంటే ఆయన పాలన 1910 నుంచి 1936 వరకు సాగింది. ఉత్తర సర్కారుల కోసం 1794లో బర్మింగ్‌హాం దగ్గరి సోహో టంకశాలలో కొట్టించిన '48 టు వన్ రూపీ' (48 కలిస్తే ఒక రూపాయి) రాగి నాణేల్లాంటివైతే అర్జీ పెట్టి లాభం లేదు. రెండు శతాబ్దాలు దాటాయి.

సర్టిఫికెట్ రాలేదంటే నాణెం లాక్కుంటారనే భయం చాలామందికి ఉంది. అలా జరగదు. చట్టబద్ధంగా మీకు వచ్చిన నాణెం మీదే. తప్పనిసరిగా రిజిస్టర్ చేయాల్సిన వస్తువుల్లో నాణేలు లేవు. ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశంలో ఉన్న మీవాళ్లకు ఇవ్వొచ్చు.

ఆ పెద్దావిడ నాణెం మీద 1904 అని ఉంది. ఆవిడ దాన్ని రాజమండ్రిలో ఉన్న తమ్ముడి దగ్గర ఉంచి, మనవడికి ఫొటో పంపారు.