క్లీవ్: చీల్చడమా, అంటుకోవడమా?

ఇంటర్ బైపీసీ చదివే ఒక అమ్మాయి మొన్న క్లీవ్ (cleave) అనే ఇంగ్లీషు మాటతో నన్ను ఇరుకున పెట్టేసింది. బయాలజీలో ఎంజైమ్ డీఎన్‌ఏని క్లీవ్ చేస్తుందంటే కత్తిరిస్తుందని అర్థం. అదే అమ్మాయి ఆదివారం చర్చిలో ఇంగ్లీషు బైబిల్ తెరిస్తే, ఆదికాండం రెండో అధ్యాయంలో పురుషుడు తల్లిదండ్రుల్ని విడిచి భార్యకు క్లీవ్ అవుతాడని ఉంది. "అంటే భార్య నుంచి విడిపోతాడా సార్?" అని అడిగింది. తెలుగు బైబిల్‌లో అదే వాక్యం తీసి చూపించాను, "హత్తుకొనును" అని ఎంత చక్కగా ఉందో!

ఇక్కడ ముందు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇది ఒకే మాటకు రెండు వ్యతిరేకార్థాలు ఉండటం కాదు, అసలివి రెండు వేర్వేరు క్రియలు. పాత ఇంగ్లీషులో చీల్చడానికి క్లేఓవన్, అంటుకోవడానికి క్లివియన్ అని విడివిడిగా ఉండేవి, కాలం గడిచేకొద్దీ పలుకుబడి అరిగి అరిగి రెండూ క్లీవ్ దగ్గరికే వచ్చి చేరాయి. జర్మన్‌లో ఇప్పటికీ అంటించడాన్ని క్లేబెన్ అంటారు, అది ఈ రెండోదానికి చుట్టమే.

మరి చదివేటప్పుడు ఏది ఏదో ఎలా పట్టుకోవాలి? పక్కన టు గానీ అన్‌టు గానీ ఉందేమో చూడండి. ఉంటే దాదాపు ఎప్పుడూ అంటుకోవడమే. దాహంతో నాలుక అంగిటికి అంటుకుపోతే నాలుక "క్లీవ్స్ టు" అంగిలి అంటారు, పాత నమ్మకాన్ని వదలకుండా పట్టుకుని ఉన్నవాడినీ అలాగే అంటారు. టు లేకుండా నేరుగా కర్మ వచ్చేస్తే చీల్చడం. క్రియారూపాన్ని నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో అబ్రాహాము దహనబలికి కట్టెలు చీల్చినప్పుడూ క్లేవ్ (అప్పటి భూతకాల రూపం) అనే ఉంది, రూతు అత్తగారిని హత్తుకున్నప్పుడూ క్లేవ్ అనే ఉంది. రెండోచోట అన్‌టు ఉంది, మొదటిచోట లేదు. తేడా అంతా ఆ చిన్న మాటలోనే.

భూతకాల రూపాలు ఒక్కసారి చూసుకుంటే చాలు. చీల్చడానికి క్లోవ్, క్లెఫ్ట్, క్లీవ్డ్ మూడూ చెల్లుతాయి, అంటుకోవడానికి ఇప్పుడు క్లీవ్డ్ ఒక్కటే వాడండి.

నిజానికి రోజూ ఎదురయ్యేది ఈ క్రియ కాదు, దాని పిల్లలు. గ్రహణం మొర్రిని డాక్టర్లు క్లెఫ్ట్ లిప్ అంటారు, ఆవు గిట్ట క్లోవెన్ హూఫ్, మాంసం కొట్టే బరువైన కత్తి క్లీవర్. జియాలజీలో క్లీవేజ్ అంటే ఖనిజం ఒక వాటాన పొరలుగా విడిపోయే గుణం. గూడూరు అభ్రకం ముక్క ఎప్పుడైనా చేతికి దొరికితే అంచు దగ్గర గోరు పెట్టి లేపి చూడండి, అద్దంలాంటి పల్చటి రేకు ఊడి వస్తుంది, ఇక ఆ మాట జన్మలో మరిచిపోరు. వెల్లుల్లి రెబ్బని క్లోవ్ అనడం కూడా ఈ చీలే కుటుంబం నుంచే, గడ్డ రెబ్బలుగా చీలుతుంది కదా. లవంగాన్నీ క్లోవ్ అనే అంటారు గానీ దానికి దీనితో సంబంధం లేదు, అది మేకు అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది (లవంగం ఆకారం చూస్తే ఎందుకో తెలిసిపోతుంది). "ఇన్ ఎ క్లెఫ్ట్ స్టిక్" అని ఎవరైనా రాస్తే, ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉంది వాళ్ల పరిస్థితి అని.

మీరు సొంతంగా రాసేటప్పుడు మాత్రం నా మాట వినండి. ఉత్తరంలోనో ఈమెయిల్‌లోనో క్లీవ్ వద్దు, చీల్చడానికి స్ప్లిట్, అంటిపెట్టుకోవడానికి క్లింగ్ లేదా స్టిక్ హాయిగా సరిపోతాయి. సైన్స్ పరీక్షలో అయితే ఎంజైమ్ క్లీవ్ చేస్తుందనే రాయాలి, అక్కడ అదే సరైన మాట. పెళ్లి శుభాకాంక్షల కార్డు మీద ఆ బైబిల్ వాక్యం రాయాలనిపిస్తే నిరభ్యంతరంగా రాయండి, పక్కన అన్‌టు మాత్రం మరిచిపోకండి.