పోస్టులు పడుతున్నాయి, గిరాకీ రావట్లేదు: చిన్న దుకాణాల సోషల్ మీడియా క్యాలెండర్‌లో సమస్యలు, పరిష్కారాలు

హన్మకొండ చౌరస్తా నుంచి కరీంనగర్ టవర్ సర్కిల్ దాకా ఇప్పుడు ఏ దుకాణానికి చూసినా ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. తెరిచి చూస్తే చాలావాటిలో ఆఖరి పోస్టు ఎప్పుడో పెట్టిన "హ్యాపీ ఉగాది". అడిగితే "టైం దొరుకుతలేదు" అంటారు. నిజానికి చాలాచోట్ల తప్పు, ఏ రోజు ఏ పోస్టు పెట్టాలో రాసుకునే క్యాలెండర్ వేసిన తీరులోనే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన షీటు దించుకుని ఫ్రెండ్‌షిప్ డే, కాఫీ డే అంటూ గళ్లు నింపుకుంటూ పోతే మన దగ్గర గల్లాపెట్టె కదలదు. మన గిరాకీ పంచాంగాన్ని బట్టి, పంట డబ్బు చేతికొచ్చే నెలను బట్టి, టైలర్ దగ్గరి రద్దీని బట్టి ఉంటుంది. షీటు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

కింద మీ బాధ ఏదో వెతుక్కోండి. అన్నీ చదవక్కర్లేదు. పండుగల సంగతి మాత్రం వదలకండి.

"మొదట్ల జోరుగ పెట్టినం, తర్వాత ఆగిపోయింది"

కారణం: నెలకు ముప్పై గళ్లు గీసుకున్నారు. రోజుకొకటి పెట్టడం పూర్తిగా ఇదే పని మీదున్న మనిషికే కష్టం. కౌంటర్ చూసుకుంటూ, సరుకు దించుకుంటూ, సాయంత్రం గిరాకీ మధ్యలో ఫోన్ పట్టుకుని ఏం పెట్టాలా అని ఆలోచిస్తే అది వారం కూడా నడవదు.

పరిష్కారం: వారానికి మూడు పోస్టులు చాలు. ఒకటి సరుకు చూపించేది, ఒకటి గిరాకీ అడిగే ప్రశ్నకు జవాబు, ఒకటి దుకాణంలో పని జరుగుతుంటే తీసింది. మూడింటినీ ఒకే పూట తీసి పెట్టుకోండి. మీకు గిరాకీ పలుచగా ఉండే రోజు ఏదో మీకే తెలుసు, ఆ రోజు పొద్దున షట్టర్ తీసిన వెంటనే, వెలుతురు బాగున్నప్పుడు తీయాలి. మెటా బిజినెస్ సూట్‌లో ఫేస్‌బుక్‌కు, ఇన్‌స్టాగ్రామ్‌కు కలిపి ఉచితంగా షెడ్యూల్ చేసుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనైతే ప్రొఫెషనల్ అకౌంట్ ఉన్నవాళ్లు 75 రోజుల ముందు దాకా పెట్టి ఉంచుకోవచ్చు. ఆరేడు పోస్టులు ఎప్పుడూ నిల్వలో ఉంటే ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా పేజీ ఆగదు.

షీటులో "ఎవరు" అనే గడి తప్పనిసరి. "మనమే చేద్దాం" అనుకున్న పని ఎవరూ చేయరు. తమ్ముడు తీస్తాడా, మరదలు రాస్తుందా, పేరు పెట్టండి.

నెలకు ముప్పై పోస్టర్ల ప్యాకేజీ అమ్మే వాళ్ల దగ్గరికి వెళ్లే ముందు ఒక మాట. ఆ పోస్టర్లలో మీ దుకాణం ఉండదు, మీ లోగో మాత్రమే ఉంటుంది. అదే బొమ్మ పక్క వీధి దుకాణం పేజీలో కూడా కనిపిస్తుంది.

"పండుగ పోస్టుకు లైకులు మస్తు వచ్చినయి, బేరం మాత్రం కాలే"

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర ఏడాది బేరంలో పెద్ద భాగం పండుగల్లోనే ఉంటుంది మరి.

మొదటి కారణం: పోస్టు పండుగ రోజున పడింది. సద్దుల బతుకమ్మ నాడు కొత్త చీరల ఫొటో పెడితే చూసేవాళ్లు అప్పటికే చీర కట్టుకుని బతుకమ్మ పేరుస్తుంటారు. జనం కొనేది పండుగ రోజు కాదు కాబట్టి షీటులో ముందుగా రాయాల్సింది పండుగ తేదీ కాదు, ఆర్డర్లకు ఆఖరి తేదీ. చీరల దుకాణమైతే టైలర్లు జాకెట్లు తీసుకోవడం ఎప్పుడు ఆపేస్తారో కనుక్కోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

రెండో కారణం: నిరుటి షీటునే మళ్లీ వాడారు. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న, దసరా అక్టోబర్ 2న. 2026లో అధిక జ్యేష్ఠం, అంటే ఒక నెల అదనంగా, రావడంతో ఎంగిలిపూలు అక్టోబర్ 10, దసరా అక్టోబర్ 20. దగ్గర దగ్గర మూడు వారాల తేడా. నిరుటి తేదీలతో షెడ్యూల్ చేసి పెడితే పోస్టులన్నీ పితృపక్షం ముగియకముందే అయిపోతాయి, అసలు రద్దీ రోజుల్లో పేజీ ఖాళీగా ఉంటుంది.

పితృపక్షం సంగతి కూడా చూడాలి. ఎంగిలిపూల రోజు మహాలయ అమావాస్య. దానికి ముందు పదిహేను రోజులు చాలా ఇళ్లలో కొత్తవి కొనరు. 2026లో వినాయక చవితి సెప్టెంబర్ 14, పక్షం మొదలయ్యేది సెప్టెంబర్ 27. అంటే జాకెట్ కుట్టించుకోవాల్సిన చీరలకు బలంగా పోస్టులు పడాల్సింది ఆ మధ్యలోని రోజుల్లోనే. పక్షం రోజుల్లో "కొనండి" అనకుండా, వచ్చిన సరుకు చూపించి, పక్కన పెట్టించుకునే వీలు ఇవ్వండి. రెడీమేడ్ వాళ్లకు, పిల్లల బట్టల వాళ్లకు మాత్రం అసలు గిరాకీ బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఉంటుంది. ఒకే వీధిలోని రెండు బట్టల దుకాణాలకు కూడా ఒకే క్యాలెండర్ పనికిరాదు.

తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు ఇంకా జాగ్రత్త. 2025లో దసరా గాంధీ జయంతి నాడే వచ్చింది, ఆ రోజు మాంసం, మద్యం దుకాణాలు బంద్. మన దగ్గర దసరా అంటే ఇంట్లో మటన్ ఉండాల్సిందే కదా. మటన్ కొట్టుకైనా, బిర్యానీ హోటల్‌కైనా ఆ ఏడాది అసలైన పోస్టు అక్టోబర్ 1కి ముందే పడాల్సింది.

మేడారం పెద్ద జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి, 2026లో జనవరి 28 నుంచి జరిగింది. కాబట్టి నిరుటి షీటు చూసుకుని వేస్తే జాతర ఉండే ఏడాది అది తప్పిపోతుంది. మేడారం వెళ్లే ములుగు రోడ్డు మీద దుకాణం ఉన్నవాళ్లు సరుకు గురించే కాదు, ఆ నాలుగు రోజులు దుకాణం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో, డెలివరీ ఉంటుందో లేదో కూడా ముందే రాసి పెట్టాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ టైమింగ్స్ కూడా అప్పుడే మార్చండి. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు మీ ఇన్‌స్టాగ్రామ్ చూడరు, మ్యాప్ చూస్తారు.

లగ్గాల మీద బతికే వ్యాపారాలకు, అంటే ఫొటో స్టూడియో, టెంట్ హౌస్, పట్టు చీరలు, బంగారానికి, పండుగల కంటే ముహూర్తాలు ముఖ్యం. ఆషాఢం, మూఢం, 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక మాసం, ఈ రోజుల్లో లగ్గాలు ఉండవు. ఉండని రోజుల్లో ఆఫర్ పోస్టులకు డబ్బు తగలేసే కన్నా, పాత పనుల వీడియోలు, ధరల వివరాలు పెట్టుకుంటూ పోతే శ్రావణం బుకింగులకు పనికొస్తాయి. ఊళ్ల నుంచి వచ్చే గిరాకీ మీద నడిచే నర్సంపేట, పరకాల వైపు దుకాణాలైతే పంచాంగం పక్కన పంటను కూడా రాసుకోవాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి అక్టోబర్ నుంచి వస్తుంది, మిర్చి ఫిబ్రవరి, మార్చిలో పోటెత్తుతుంది. టీవీ, ఫ్రిజ్, బండి కొనే ఆలోచన ఆ డబ్బు చేతికొచ్చాకే.

ఇంట్లో సకినాలు చేసి అమ్మే వదిన ఒకరికి సంక్రాంతి కోసం వేసిన వరుస ఇలా ఉంది. డిసెంబర్ 15న ఆర్డర్లు మొదలు, కిలో ధర, ఫోన్ నంబర్. 20న సకినం చుట్టే వీడియో, చేతులు మాత్రమే కనబడాలి, పిండిలో నువ్వులు, వాము తెలియాలి. 24న పార్సిల్ ప్యాక్ చేసే వీడియో, విరగకుండా డబ్బాలో ఎలా పేరుస్తారో. 27న అమెరికా పార్సిళ్లకు ఆఖరి రోజు అని ఒక్క వాక్యం. జనవరి 5న ఊళ్లో ఆర్డర్లకు ఆఖరి రోజు. జనవరి 8న "ఆర్డర్లు నిండినయి, ఇగ తీసుకోం". పండుగ నాడు ఏమీ లేదు, ఆ రోజు ఆమె పడుకోవాలి. తీసుకోం అన్న పోస్టు ఎందుకని ఆమె అడిగింది. నా జవాబు ఇది: వచ్చే ఏడాది ముందే ఆర్డర్ పెట్టేది దాన్ని చూసినవాళ్లే. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబర్ కనిపించేలా ఫొటో తీయడం కూడా షీటులో రాసి ఉంది. తినే వస్తువు కొనేవాళ్లు అది చూస్తారు.

"రీల్‌కు వ్యూస్ వేలల్ల వచ్చినయి, దుకాణంకు ఒక్కరు రాలే"

చూసినవాళ్లు ఎక్కడివాళ్లో ముందు ఇన్‌సైట్స్‌లో, అంటే ఇన్‌స్టాగ్రామ్ చూపే లెక్కల్లో, చూడండి. ఎక్కువమంది వేరే రాష్ట్రం వాళ్లైతే ఆ రీల్ మీకు వినోదం, అంతే. స్థానికులే అయినా రాకపోతే పోస్టులో ధర, చోటు లేవన్నమాట. "అన్నా, రేట్ ఎంత?" అని అడిగితే "ఇన్‌బాక్స్ చేయండి మేడం" అని జవాబిచ్చే పేజీలు ఎన్ని లేవు! మనవాళ్లు ధర తెలియకుండా ఆటో ఎక్కరు. ధర రాయండి, కనీసం ఎక్కడి నుంచి మొదలో రాయండి. అడ్రస్‌లో డోర్ నంబర్ కంటే ఆనవాలు ముఖ్యం, పోచమ్మ మైదాన్‌లో ఏ సందు, ఏ గుడి పక్కన అని.

ఇంకో చిన్న పని. కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, వచ్చినవాళ్లను "ఎట్ల తెలిసింది?" అని అడిగి గీత పెట్టండి. ఇన్‌స్టా, వాట్సాప్, మ్యాప్, మనిషి చెప్పింది, నాలుగు వరుసలు చాలు. నెలాఖరున లైకుల లెక్క పట్టించుకోకుండా ఆ నోట్‌బుక్ చూసుకుని వచ్చే నెల షీటు వేయండి.

"ఏం పెట్టాల్నో తోస్తలేదు"

మీకు తోచక్కర్లేదు, గిరాకీ రోజూ చెప్తూనే ఉంది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు అమ్మే దుకాణంలో ఒక్క పూట నిలబడితే చాలు. "ఉతికితే రంగు పోతదా?" "మెషీన్ల వేయొచ్చా?" "పెళ్లికి పరిచేంత పెద్దది నేస్తరా?" "ఇది మగ్గం మీద నేసిందా, మిల్లుదా?" నాలుగు ప్రశ్నలు, నాలుగు పోస్టులు. మొదటిదానికి దుకాణం వెనకాల బకెట్‌లో ఉతికి చూపించండి, నీళ్ల రంగు కెమెరాకు కనబడాలి. చివరిదానికి మగ్గం దగ్గరికే వెళ్లి తీయండి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ మాట ఆ వీడియోలో చెప్తే అతుకుతుంది. ఒట్టి పోస్టర్ మీద రాస్తే ఎవరూ చదవరు.

"వాట్సాప్‌ల పంపినం, ఎవ్వరు చూస్తలేరు"

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో పంపిన మెసేజ్ మీ నంబర్‌ను సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుంది. మీ దగ్గర వాళ్ల నంబర్ ఉంటే సరిపోదు. ఒక లిస్ట్‌లో 256 మందికి మించి పట్టరు కూడా. బిల్లు ఇచ్చేటప్పుడే "నంబర్ సేవ్ చేసుకో అక్కా, కొత్త సరుకు వస్తే ఫొటో పంపుత" అని ఎదురుగా చేయించుకోవడమే దీనికి మందు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, కాబట్టి వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ నింపి ఆ లింక్ ఇవ్వండి. రోజుకు పది స్టేటస్‌లు పెడితే జనం మ్యూట్ చేస్తారు.

"వీడియో ఉన్నది, సౌండ్ పోయింది"

సినిమా పాట పెట్టి ఉంటారు. బిజినెస్ అకౌంట్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో పాటల వాడకం మీద పరిమితి ఉంది, హక్కులున్న కంపెనీ అడిగితే వీడియో మ్యూట్ అవుతుంది. మెటా సౌండ్ కలెక్షన్‌లోని సంగీతం వాడుకోండి. లేదంటే మీ గొంతుతోనే మాట్లాడండి, నా ఓటు దానికే. మన యాసలో "గీ చీర చూడుండ్రి" అంటే చూసేవాళ్లు ఆగుతారు.

"వాన నీళ్లు ఇండ్లల్లకు వస్తుంటే మా ఆఫర్ పోస్టు పడ్డది"

షెడ్యూల్ చేసి మరిచిపోతే ఇదే జరుగుతుంది. 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగాయి, 2025 అక్టోబర్ చివర మొంథా తుపానుకు మళ్లీ మునిగాయి. అలాంటి రోజు "ధమాకా సేల్" పడితే తిట్లు తప్పవు. రోజూ షట్టర్ తీసే ముందు ఈ రోజు ఏం పడబోతోందో ఒకరు చూడాలి, ఆపే అధికారం వాళ్లకే ఉండాలి, యజమాని నిద్ర లేచే దాకా ఆగకూడదు. సరుకు అయిపోయినప్పుడు కూడా అంతే. లేని చీర ఫొటో చూసి నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చినావిడ మళ్లీ రాదు.

"పేజీ చూసుకునే పిల్లగాడు పని మానేసిండు, ఇప్పుడు లాగిన్ కాదు"

పేజీ అతని సొంత ఫోన్ నంబర్‌తో తెరిచి ఉంటారు. అతను మంచివాడైతే ఒక ఫోన్ కాల్‌తో పోతుంది, కాకపోతే కొత్త పేజీతో మళ్లీ సున్నా నుంచి. ఈ రోజే చేయాల్సింది: దుకాణం పేరు మీద ఒక సిమ్, ఒక ఈమెయిల్ తీసి, అకౌంట్లను దానికి మార్చండి. ఫేస్‌బుక్ పేజీకి పూర్తి అధికారం యజమానికి, ఇంట్లో ఇంకొకరికి ఉంచి, పనిచేసే వాళ్లకు పోస్టు పెట్టేంత వరకే ఇవ్వండి. టూ ఫ్యాక్టర్ కోడ్, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్, ఆ సిమ్‌కే రావాలి. ఆ సిమ్‌కు రీచార్జ్ చేసే తేదీని కూడా షీటులో ఒక గడిలో రాసి పెట్టుకోండి.